యాభై నిమిషాల దారి

బోర్డు మీద మూడు సంగతులు రాయాలి:
దూరమెంత, సమయమెంత, కష్టమెంత.
ఆఫీసులో ప్లాట్యీస్ గారు రెండు ముందే తేల్చేశారు.
"రెండున్నర కిలోమీటర్లు. సులభం.
సమయం నువ్వు నడిచి చెప్పు, అబేల్.
ఒక్కడివే వద్దు,
మోకాళ్ల నొప్పులున్న మనిషినెవరినైనా వెంటబెట్టుకెళ్లు."

మోకాళ్ల నొప్పులకు మా ఇంట్లో కొదవా!
డోరతేయ పెద్దమ్మకు ఫోన్ చేశాను.
తెల్లారేసరికి గేటు దగ్గరుంది,
చర్చికి వేసుకెళ్లే బూట్లు,
ఫ్లాస్కు నిండా రూయిబోస్ టీ,
కాగితంలో చుట్టిన వేపుడు చేప.
టికెట్ గదిలో పిల్ల నలభై రాండ్లు అడిగితే
నవ్వింది.
పర్సు మాత్రం తీయలేదు.

స్టాప్‌వాచ్ నొక్కాను.

మొదట రెండొందల మీటర్లూ చెక్కబాట.
పోయిన చలికాలం నేనే మేకులు కొట్టాను,
వాన దిగిపోయేలా బల్లకీ బల్లకీ మధ్య వేలెడు సందు వదిలి.
పరాయి ఇంటి వసారాలో నడిచినట్టు
గబగబా దాటేసింది.
ఇసుక తగలగానే బూట్లు విప్పి నా చేతిలో పెట్టింది.
"ఇదిగో, ఇక్కడ మొదలు."

పులుపు అత్తిపళ్ల తీగ దగ్గర ఆగింది.
కాయ కోసి, కింద కొరికి, ఉప్పూ తీపీ కలిసిన గుజ్జు
జుర్రున పీల్చింది.
"ఇక్కడేమీ కోయకూడదు పెద్దమ్మా."
"అయితే నువ్వు అటు తిరుగు."

మిల్క్‌వుడ్ చెట్ల కింద దారి గుహలా ఉంటుంది,
ఎంతటివాడైనా తల వంచాల్సిందే.
నేను నెట్టే కొలతచక్రం
మీటరుకోసారి టిక్కుమంటోంది.
జర్మనీ దంపతులు మమ్మల్ని దాటి వెళ్లారు.
వెళ్లి, చూసి, మళ్లీ మాకెదురే వచ్చారు.
"బాగా సులభమైన దారి కదూ!" అన్నాడాయన.
"బుట్ట లేకపోతే ఏ దారైనా సులభమే,"
పెద్దమ్మ మా భాషలో అంది.
ఆయన మర్యాదగా తలూపాడు.

చెట్లు దాటాక ఒక సున్నపురాయి.
గుండెలెత్తు, పైభాగం నున్నన.
నేను వందసార్లు దాని పక్కనుంచే పోయాను,
దారి తప్పకుండా దాని మీద పసుపురంగు పాదం గుర్తు వేసింది కూడా నేనే.
ఆమె రాయికి వీపు ఆనించి,
మోకాళ్లు కొంచెం వంచి,
నెత్తిమీద లేని బుట్టను దాని మీదికి జార్చింది.
మళ్లీ అలాగే ఎత్తుకుంది.
"తడిచేపల బుట్ట. ఒంటరిగా వచ్చిన రోజు
దించడానికి చెయ్యి వేసేవాళ్లుండరు.
ఇదే వేసేది."
ఫ్లాస్కు ఆ రాయిమీదే పెట్టి మూత తిప్పింది.
టీ చల్లారే దాకా ఇద్దరం మాట్లాడలేదు.

సముద్రం వెనక్కి తగ్గి ఉంది.
ఎర్ర మిరపకాయ కరుచుకున్నట్టు ముక్కున్న నల్లపిట్టలు రెండు
నీటి అంచున కీచులాడుకుంటున్నాయి.
దూరంగా తిమింగలం ఊపిరి వదిలింది,
గట్టు మీద కెమెరాలన్నీ అటు తిరిగాయి.
పెద్దమ్మ ఇటు చూస్తోంది,
నీళ్లు తీశాక తేలిన నెలవంక గోడల వైపు,
పోటుతో వచ్చిన చేపను పాటుకు పట్టి ఉంచే రాతిగోడలు.
"పెట్రస్ వాళ్ల గోడ జారిపోయింది.
ఎవరూ ఎత్తలేదా?"

లారీలొచ్చి మా సామాను ఎక్కించుకుపోయిన ఏడాది నుంచి
ఎవరూ ఎత్తలేదు.
ఆమెకు తెలియక అడిగిందా!
మా బోర్డులో పదకొండు పిట్టలకు పేర్లున్నాయి.
నేను చక్రం వైపు చూసుకున్నాను.

ఆమె నీళ్లలోకి దిగి ఒక రాయి ఎత్తింది.
ఒక్కటే.
దాని చోటు వెతికి వెతికి పెట్టింది,
తడిచెయ్యి గౌనుకు తుడుచుకుంది.

గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి
మూడు గంటల నలభై నిమిషాలు.

"ఎంత?" అడిగారు ప్లాట్యీస్ గారు.
"యాభై," అన్నాను.
అదే రాశారు.

ఆ ఆదివారం టర్పెంటైన్ సీసా, పాత బనియన్ పట్టుకుని
ఒక్కణ్నే వెళ్లాను, రాయి మీది పాదం తుడవడానికి.
సున్నపురాయి కదా, లోపలికి పీల్చేసుకుంది.
ఎంత రుద్దినా
మడమ దగ్గర కాస్త పసుపు
ఇంకా ఉంది.